ఊ కొట్టకపోతే లైన్ పోతుంది

"నిన్న రాత్రి పిలిస్తే పలకలేదేంరా?"

పొద్దున్న ఏడున్నరకి ఫోన్ ఎత్తగానే అమ్మమ్మ అడిగిన మొదటి మాట ఇది. కోపంగా అడిగినా బావుండేది. ఇవాళ పాలవాడు రాలేదు అన్నంత మామూలుగా అడిగింది. "నిద్రపోయుంటావులే అనుకున్నా" అని జవాబు కూడా తనే చెప్పేసుకుంది.

నేను నిద్రపోలేదు. రాత్రి పన్నెండున్నర దాకా ల్యాప్‌టాప్ ముందే ఉన్నా. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. ఫోన్ స్క్రీన్ మీద అమ్మమ్మ పేరు, కింద పచ్చ రంగులో 'కనెక్టెడ్', దాని పక్కన తిరుగుతున్న టైమర్. గంటా నలభై ఏడు నిమిషాలు. ఎక్కడా కట్ అయిన ఆనవాలు లేదు. అవతల ఆవిడ పిలిచింది, ఇవతల నాకు వినపడలేదు. అంతే.

ఇంకో సంగతి ముందే ఒప్పేసుకుంటా. ఆ యాప్ రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తాతయ్య పోయాక అమ్మమ్మ ఒక్కతే ఉంటోంది, తణుకు దగ్గర పల్లెటూళ్ళో. హైదరాబాద్ రమ్మంటే రాదు. పగలంతా బానే గడిచిపోతుంది. పూజ, వంట, పక్కింటావిడ, సీరియళ్ళు. రాత్రే కష్టం. తొమ్మిదింటికి నేను కాల్ చేస్తా. ఏం తిన్నావు, మోకాలు ఎలా ఉంది, పెళ్ళెప్పుడు... పది నిమిషాల్లో కబుర్లు అయిపోతాయి. అప్పుడు అంటుంది, "పెట్టెయ్యకు నాన్నా, అలా ఉంచు. నువ్వు పని చేసుకో, నేను పడుకుంటా." మంచం పక్కన స్టూలు మీద ఫోన్ పెట్టుకుంటుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోం. నా కీబోర్డు చప్పుడు ఆవిడకి వినపడితే చాలట, ఇంట్లో ఎవరో ఉన్నట్టు ఉంటుందట.

అప్పట్లో నేను చేస్తున్నది నా మొదటి ఉద్యోగం. చిన్న కంపెనీ, వాయిస్ కాల్స్ యాప్. ఇంట్లోవాళ్ళ ఫోన్లలో మన యాప్ వేసి చూపించుకోవాలనే సరదా ఉంటుంది కదా, నేనూ అమ్మమ్మ ఫోన్లో వేశా. కొన్ని నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఆ రాత్రి వంటింట్లో పిల్లి గిన్నె పడేసింది. ఆవిడకి భయమేసి, "ఒరేయ్ నాన్నా, ఉన్నావా?" అని రెండుసార్లు పిలిచి, నేను పలక్కపోయేసరికి తనే లైటేసుకుని వెళ్ళి చూసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చీకట్లో, మోకాలి నొప్పితో. పిల్లి కాబట్టి సరిపోయింది.

కాల్ కట్ అయితే తెలుస్తుంది. మళ్ళీ చేసుకుంటాం. కట్ అవ్వకుండానే చచ్చిపోయిన కాల్ మాత్రం మోసం చేస్తుంది. మీకూ జరిగే ఉంటుంది. ఆఫీసు మీటింగ్‌లో గంట మ్యూట్‌లో కూర్చుని, మీ వంతు వచ్చాక అన్‌మ్యూట్ చేసి గొంతు చించుకున్నా, "హలో, ఉన్నారా?" అని వాళ్ళు అడుగుతూనే ఉంటారు. అలాంటి ప్రతిసారీ కారణం ఇదే అని చెప్పను, మైకు పాడైనా అలాగే ఉంటుంది. కానీ ఎక్కువమందికి తెలియని కారణం ఇది.

కాల్‌లో మన మాట ఎలా వెళ్తుందో కాస్త చూద్దాం. ఫోన్ మన గొంతుని చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. మామూలుగా ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 50 ముక్కలు. ఒక్కో ముక్కకీ వరస నంబరు, టైము అంటించి, అడ్రసు రాసి వదుల్తుంది. ఈ అంటించే పద్ధతి పేరు ఆర్‌టీపీ. 1996లో మొదటిసారి ప్రమాణంగా రాశారు, 2003లో సరిదిద్దారు. మీరు పుట్టకముందు రాసింది అయ్యుండొచ్చు, ఇవాళ్టికీ మీ కాల్స్‌లో చాలావాటిని మోస్తోంది. దీనికి తోడుగా ఆర్‌టీసీపీ అని ఇంకోటి ఉంది. అది మాటల్ని మొయ్యదు. 'ఇన్ని ముక్కలు అందాయి, ఇన్ని పోయాయి' అని అప్పుడప్పుడూ లెక్క చెప్పే గుమాస్తా. ఆ గుమాస్తాని గుర్తుపెట్టుకోండి, తర్వాత వాడితో పనుంది.

ఈ ముక్కలు సాధారణంగా యూడీపీ మీద వెళ్తాయి. నెట్‌లో రెండు రకాల రవాణా ఉంది. టీసీపీకి మర్యాద ఎక్కువ. వచ్చేటప్పుడు నమస్కారం, వెళ్ళేటప్పుడు "ఉంటా మరి" అని చెప్పి వెళ్తుంది. యూడీపీకి ఆ పట్టింపులు లేవు. వచ్చిందా, ఇచ్చిందా, పోయిందా. మాటలకి ఆ వేగమే కావాలి. పోయిన ముక్క కోసం ఆగితే మిగతా మాటంతా ఆలస్యం అవుతుంది. కానీ చెప్పకుండా వెళ్ళే అలవాటువల్ల మధ్యలో ఉన్నవాళ్ళకి ఒక చిక్కు. వీడు వెళ్ళిపోయాడా, ఊరికే నోరు మూసుకుని కూర్చున్నాడా?

మధ్యలో ఎవరున్నారంటారా? మీ ఇంట్లో లైట్లు మిణుకుమిణుకుమంటూ ఒక డబ్బా ఉంటుందే, ఆ రౌటర్.

ఇంటర్నెట్‌లో అడ్రసులు మొదట అనుకున్నప్పుడు దాదాపు 430 కోట్లు చాలనుకున్నారు. చాలలేదు. 1994 మేలో న్యాట్ అనే ఉపాయం రాసి పెట్టారు. బయటికి ఒకే అడ్రసు, లోపల ఎన్ని ఫోన్లయినా. రాసినవాళ్ళే దాన్ని తాత్కాలిక పరిష్కారం అన్నారు. మన దగ్గర తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డు ముప్పై ఏళ్ళు ఉండిపోయినట్టు, న్యాట్ కూడా ఉండిపోయింది.

నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఊహించుకోండి. గేటు ఒకటే, అడ్రసు ఒకటే, వాచ్‌మన్ ఒకడే. 302 వాళ్ళు "నాకు ఫలానా చోటి నుంచి పార్శిల్ వస్తుంది, పైకి పంపు" అంటే పుస్తకంలో ఒక లైను రాసుకుంటాడు. పార్శిల్ వస్తే లైను చూసి పైకి పంపిస్తాడు. లైను లేకపోతే "ఎవరూ చెప్పలేదండీ" అని గేటు దగ్గరే తిప్పి పంపేస్తాడు. పుస్తకానికి పేజీలు లెక్కే, నిండిపోతే కష్టం. అందుకని కొంతసేపు ఏ కదలికా లేని లైన్లని కొట్టేస్తుంటాడు. ఎంతసేపు? అది వాచ్‌మన్ ఇష్టం!

నిజంగానే ఇష్టం. యూడీపీ లైనుని 2 నిమిషాలకంటే ముందు కొట్టెయ్యకూడదు, 5 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఉంచితే మంచిది అని 2007లో నియమం రాశారు. పాటించేవాళ్ళు పాటిస్తారు. చాలా ఇంటి రౌటర్లలో లోపల ఉండేది లినక్సే. లినక్స్‌లో మామూలు లెక్క ఏంటంటే, ఒకవైపు నుంచే ముక్క వెళ్ళి జవాబు రాకపోతే 30 సెకన్లకే కొట్టేస్తుంది. రెండువైపులా మాట నడిచింది అనుకుంటే, కొత్త వెర్షన్లలో 120 సెకన్లు ఓపిక పడుతుంది. రౌటర్ తయారుచేసినవాళ్ళు ఇది మార్చుకోవచ్చు. పైగా చాలామందికి గేటు ఒకటి కాదు, రెండు. నెట్ కంపెనీవాళ్ళు కూడా అడ్రసులు చాలక వాళ్ళ దగ్గర ఇంకో పెద్ద న్యాట్ పెడతారు. గేటెడ్ కమ్యూనిటీ బయట గేటు, లోపల మన బ్లాకు గేటు అన్నమాట. ఇద్దరు వాచ్‌మన్లలో ఎవడికి ఓపిక తక్కువైతే వాడి లెక్కే చెల్లుతుంది. మీ ఇంట్లో ఎలా ఉందో చూడాలంటే రౌటర్ సెట్టింగుల్లో వ్యాన్ అడ్రసు చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీకు దాదాపు ఖాయంగా రెండో వాచ్‌మన్ ఉన్నట్టే. ఈ అంకెల్ని 2012లో అచ్చంగా ఇందుకోసమే పక్కన పెట్టారు.

అమ్మమ్మ కాల్ దగ్గరికి వద్దాం.

మొదట నేను అనుమానించింది అమ్మమ్మనే. పొరపాటున మ్యూట్ నొక్కి ఉంటుందని. తర్వాత ఆవిడ ఫోన్‌ని, ఆ తర్వాత ఊళ్ళో కేబుల్ అబ్బాయి వేసిన వైఫైని. మా పరిశ్రమలో వరస ఇదే. ముందు మనిషి తప్పు, తర్వాత ఫోన్ తప్పు, తర్వాత నెట్ తప్పు, గతిలేక చివర్న మన కోడ్ తప్పు. ఆఫీసులో ఎన్ని టెస్టు కాల్స్ చేసినా ఏ లోపమూ కనపడలేదు. ఎందుకు కనపడుతుంది? టెస్టు కాల్ అంటే ఏం చేస్తాం? "హలో హలో, వన్ టూ త్రీ, వినపడుతోందా, ఓకే" అని నిమిషంలో పెట్టేస్తాం. రెండు గంటలు మౌనంగా ఉండే కాల్‌ని టెస్ట్ చెయ్యాలని ఏ ఇంజినీరుకీ తట్టదు. అలా ఫోన్ పట్టుకుని కూర్చునేది అమ్మమ్మలు, దూరాన ఉన్న ప్రేమికులు.

ఒక శనివారం తణుకు బస్సెక్కా. ఒక ఫోన్ అమ్మమ్మ వైఫైలో, ఇంకోటి నా మొబైల్ డేటాలో పెట్టి, మధ్యలో వెళ్ళే ప్యాకెట్లని ల్యాప్‌టాప్‌లో చూస్తూ కూర్చున్నా. మాట్లాడి, ఆగి, మళ్ళీ మాట్లాడటం. 30 సెకన్లు ఆగితే బానే ఉంది. 60, బానే ఉంది. 90, బానే ఉంది. రెండు నిమిషాలు దాటాక "హలో" అన్నా. అవతలి ఫోన్లో ఏమీ లేదు. రెండు స్క్రీన్ల మీదా టైమర్ మాత్రం చక్కగా తిరుగుతోంది. అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తూ, "ఒక్కడివీ హలో హలో అనుకుంటున్నావేంట్రా" అంది.

జరిగింది ఇది. మా యాప్‌లో ఎవరూ మాట్లాడకపోతే ముక్కలు పంపడం ఆపేస్తాం. డేటా ఆదా, బ్యాటరీ ఆదా. రెండు నిమిషాల మౌనం తర్వాత రౌటర్ లైను కొట్టేసింది. ఆ తర్వాత అమ్మమ్మ పిలిచినప్పుడు ముక్క బయటికైతే వెళ్ళింది, రౌటర్ దానికి కొత్త లైను రాసి, కొత్త పోర్టు నంబరు ఇచ్చింది. మా సర్వర్‌కి అది తెలియని నంబరు. తెలియని నంబరు నుంచి వచ్చిన గొంతుని కాల్‌లోకి వదిలితే ఎవడైనా దూరిపోవచ్చు కదా, అందుకని పారేసింది. నేను ఇటునుంచి మాట్లాడి ఉంటే సర్వర్ దాన్ని పాత నంబరుకే పంపేది. అక్కడ రౌటర్ "ఎవరూ చెప్పలేదండీ" అని తిప్పి పంపేసేది. రెండువైపులా తలుపులు మూసుకున్నాయి, లోపల ఇద్దరం ఒకరికొకరం ఉన్నామనే అనుకుంటున్నాం.

మరి 'కనెక్టెడ్' ఎందుకు చూపించింది? ఎందుకంటే కాల్ మొదలుపెట్టడం, పెట్టెయ్యడం లాంటి కబుర్లు వేరే దారిలో, టీసీపీ మీద వెళ్తాయి. ఆ దారి బతికే ఉంది. స్క్రీన్ అడిగింది దాన్నే.

అసలు సిగ్గుపడాల్సిన భాగం ఇంకోటుంది. ఆఫీసులో మా దగ్గర పెద్ద డ్యాష్‌బోర్డు ఉండేది. ప్రతి కాల్ ఆరోగ్యం పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపించేది. ఆ రాత్రి అమ్మమ్మ కాల్ మొదటి నుంచి చివరిదాకా పచ్చగానే ఉంది. ఎందుకో తెలుసా? గుమాస్తాని గుర్తుపెట్టుకోమన్నా కదా, ఆర్‌టీసీపీ. వాడు కొన్ని సెకన్లకోసారి లెక్క పంపుతూనే ఉన్నాడు. కానీ పాతకాలం పద్ధతిలో మాటలకి ఒక పోర్టు, గుమాస్తాకి దాని పక్క పోర్టు. వాచ్‌మన్ పుస్తకంలో ఇవి రెండు వేర్వేరు లైన్లు. గుమాస్తా తన లైనుని తను భేషుగ్గా బతికించుకున్నాడు. పక్కనే మాటల లైను చచ్చి పడి ఉంటే, "అంతా క్షేమం, సున్నా ముక్కలు పంపారు, సున్నా ముక్కలు పోయాయి" అని రిపోర్టు రాస్తూ కూర్చున్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం!

ఇంకో చిక్కుముడి విప్పితే గానీ నాకు నిద్రపట్టలేదు. కొన్ని నెలలు బాగా నడిచింది, మరి ఆ వారమే ఎందుకు పోయింది? రిలీజుల లిస్టు తీసి చూశా. ఆ పది రోజుల ముందే మేం చప్పుళ్ళు తీసేసే కొత్త ఫీచర్ ఇచ్చాం. చాలా బాగా వచ్చిందని ఆఫీసులో కేకు కూడా కోశాం. అంతకుముందు అమ్మమ్మ గదిలో పాత సీలింగ్ ఫ్యాను రాత్రంతా టకటకలాడుతూ తిరిగేది. మా యాప్ దాన్ని కూడా మాటే అనుకుని ముక్కలు కోసి పంపుతుండేది. లైను బతికేది. కొత్త ఫీచర్ ఆ ఫ్యాను చప్పుడుని, నా కీబోర్డు చప్పుడుని కూడా పూర్తిగా తుడిచేసింది. గది నిజంగా నిశ్శబ్దమైపోయింది. ఇన్నాళ్ళూ మా తప్పుని కాసింది ఆ ఫ్యాను!

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో డాబా మీద పక్కలేసుకుని పడుకునేవాళ్ళం. అమ్మమ్మ కథ చెప్పేది. ఒకటే షరతు. "ఊ కొట్టండ్రా, లేకపోతే చెప్పను." మేం ఊ, ఊ అంటుండాలి. కథలో లీనమైపోయి ఊ కొట్టడం మర్చిపోయామా, అయిపోయింది. "పడుకున్నారు వెధవలు" అనుకుని ఆపేసేది. మేం కళ్ళు తెరిచి రాజకుమారుడు ఏమయ్యాడా అని ఎదురుచూస్తుంటే, ఆవిడ దుప్పటి కప్పేసి కిందికి వెళ్ళిపోయేది. ఆవిడకి చీకట్లో మా కళ్ళు కనపడవు. రౌటర్‌కీ అంతే. వింటున్నవాడికీ వెళ్ళిపోయినవాడికీ తేడా చీకట్లో తెలియదు.

నెట్‌వర్క్ భాషలో ఈ ఊ పేరు కీప్ అలైవ్. పని లేకపోయినా అప్పుడప్పుడూ ఒక చిన్న ముక్క బయటికి పంపడం, వాచ్‌మన్ లైను కొట్టెయ్యకుండా. బయటికి అన్న మాట ముఖ్యం. లోపలి నుంచి బయటికి వెళ్ళే ముక్క చూస్తే రౌటర్ లైనుని తప్పకుండా ఉంచాలి. బయటి నుంచి వచ్చే ముక్క చూసి ఉంచడం రౌటర్ ఇష్టం. అంటే మ్యూట్‌లో కూర్చుని ఊరికే వింటున్నవాడు కూడా తన వైపు నుంచి ఊ కొట్టాలి. అవతలివాడు గంట మాట్లాడుతున్నాడు కదా, లైను అదే బతుకుతుందిలే అనుకోకూడదు.

ఇంత చిన్న విషయానికి నేను ఎన్ని తప్పుదార్లు పట్టానో చెప్తే నవ్వుతారు. మొదట, ఏమీ లేని ఖాళీ ముక్క, సున్నా బైట్లది, పంపిద్దాం అనుకున్నా. తక్కువ ఖర్చు కదా! మా సర్వర్ కోడ్‌లో ఎవరో ఎప్పుడో 'సున్నా బైట్లు వస్తే అవతలివాడు వెళ్ళిపోయినట్టు' అని రాసి పెట్టారు. ఊ అంటే టాటా అని అర్థం చేసుకుంది. కాల్స్ టపటపా కట్ అయ్యాయి. తర్వాత, మాట ముక్కలాగే ఉండి, ఎవరికీ అర్థంకాని రకం నంబరు వేసి పంపితే అవతలి ఫోన్ పట్టించుకోదులే అనుకున్నా. రూలు ప్రకారం పట్టించుకోకూడదు. మా పాత వెర్షన్ యాప్ పట్టించుకుని, దాన్ని పాటలాగా పాడబోయింది. "గదిలో కీచురాయి దూరినట్టుందిరా, ఆగి ఆగి అరుస్తోంది" అంది అమ్మమ్మ. ఎంతకోసారి అరుస్తోందో లెక్కపెట్టమన్నా. సరిగ్గా పదిహేను సెకన్లకోసారి.

నేను నెల రోజులు తలబాదుకుని కనిపెట్టిన ఈ దార్లన్నీ ఒక కాగితంలో ఎప్పుడో రాసి ఉన్నాయి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ అనే సంఘం ఉంది. వాళ్ళ కాగితాలకి ఆర్ఎఫ్‌సీ అని పేరు. 2011 జూన్‌లో వచ్చిన 6263 నంబరు కాగితం మొత్తం ఈ ఊ గురించే. ఖాళీ ముక్క పంపితే ఎలా, అర్థంకాని రకం పంపితే ఎలా, గదిలో ఉండే సన్నని హోరులాంటిది పంపితే ఎలా, తప్పు వెర్షన్ నంబరు వేసి పంపితే ఎలా అని ఒక్కొక్కటే తిప్పి చూసి, చివరికి చెప్పింది చాలా సింపుల్. గుమాస్తా ఎలాగూ అప్పుడప్పుడూ రాస్తూనే ఉంటాడు, వాడిని మాటల దారిలోనే నడిపించండి. రెండు పోర్టులు ఎందుకు, ఒకటే చాలు. వాడి లెక్కల కాగితమే ఊ అవుతుంది. ఒకే పోర్టులో రెండిటినీ కలిపే పద్ధతి అంతకుముందే, 2010లో, రాసి ఉంది. మా కోడ్ అంతకన్నా పాతకాలం ఆలోచనతో ఉంది, అంతే. కాలేజీలో నాలుగేళ్ళు కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదివి, ఏడు లేయర్ల పేర్లు వరసగా అప్పజెప్పి, ఒక్క ఆర్ఎఫ్‌సీ కూడా తెరవకుండా పట్టా తెచ్చుకున్నవాణ్ణి నేను. అవి ఫ్రీగా దొరుకుతాయి. పరీక్ష గైడ్లకంటే చాలా నయంగా ఉంటాయి.

ఎంతకోసారి ఊ అనాలి? ఆ కాగితం ఇచ్చిన లెక్క 15 సెకన్లు. రౌటర్లకి రాసిన రూలు 2 నిమిషాలు కదా, మరి 15 ఎందుకు? రూలు రాసిన లోకం వేరు, మన ఇళ్ళలో డబ్బాలున్న లోకం వేరు కాబట్టి. పైగా దారిలో ఒకటి రెండు ఊలు పోయినా ఫర్వాలేకుండా ఉండాలి. అయితే మా టీములో ఒకడు సెకనుకోసారి పంపేద్దాం, గొడవ వదులుతుంది అన్నాడు. డేటా పరంగా అదేం పెద్ద ఖర్చు కాదు. చిన్న ఊ ముక్క, పైన అడ్రసులతో కలిపి 48 బైట్లు అనుకోండి. 15 సెకన్లకోసారి అంటే గంటకి 240, మొత్తం పన్నెండు కేబీ కూడా కాదు. మీరు పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ గులాబీ ఫొటో దీనికి ఎన్నో రెట్లు. అసలు ఖర్చు బ్యాటరీది. మొబైల్ డేటాలో ఒక చిన్న ముక్క పంపాలన్నా ఫోన్ రేడియో నిద్రలేవాలి. పంపాక వెంటనే పడుకోదు, ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. సెకనుకోసారి తట్టి లేపితే ఇక నిద్రే లేదు. కాల్ కోసం పక్కనే పెట్టుకున్న ఫోన్ తెల్లారేసరికి చచ్చిపోతుంది.

మీ ఫోన్లో ఒక్కో యాప్ ఒక్కో లైను పెట్టుకుని ఊ కొట్టకుండా, నోటిఫికేషన్లకి గూగుల్‌దో ఆపిల్‌దో ఒకే లైను అందరూ వాడుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చాక, కదలకుండా పడున్న ఫోన్లో యాప్‌లకి ఊ కొట్టే స్వేచ్ఛ ఇంకా తగ్గింది. మంచిదే. కానీ కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ అత్యుత్సాహంతో కాల్ యాప్‌ని కూడా నిద్రపుచ్చుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ సెట్ చేసేటప్పుడు, వాళ్ళు మీతో మాట్లాడే యాప్‌కి ఆ బ్యాటరీ ఆంక్ష తీసేసి పెట్టండి. ఇంకా 'కనెక్టెడ్' అని ఉండి మాట వినపడకపోతే గట్టిగా అరవొద్దు. కట్ చేసి మళ్ళీ చెయ్యండి. కొత్త కాల్, కొత్త లైను.

ఐపీవీ6 వచ్చేసింది కదా, అడ్రసుల కరువు తీరితే ఈ వాచ్‌మన్ పోతాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. నంబర్లు మార్చే పని పోతుంది. కానీ పిలవని చుట్టాల్ని ఆపే ఫైర్‌వాల్ అక్కడే ఉంటుంది. వాడికీ ఒక పుస్తకం, ఒక గడియారం.

గుమాస్తాని మాటల దారిలోకి మార్చాక ఇంకో పని కూడా చేశాం. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. ఊ అనడం ఒకవైపు పని. వాచ్‌మన్ లైను ఉంచుతాడు, సరే. అవతల మనిషి ఉన్నాడో లేదో నాకు ఎలా తెలుస్తుంది? బ్రౌజర్లలో కాల్స్ నడిపే వెబ్‌ఆర్‌టీసీలో దీనికి ఒక పద్ధతి ఉంది, 2015లో రాశారు. దాదాపు 5 సెకన్లకోసారి అవతలివాణ్ణి అడగాలి, 'నీకు పంపుతూ ఉండనా?' అని. జవాబు రావాలి. 30 సెకన్లపాటు ఏ జవాబూ రాకపోతే పంపడం ఆపెయ్యాల్సిందే. దీన్ని లైను బతికించడానికి రాయలేదు. వద్దన్నవాడి మీద డేటా కుమ్మరించకూడదని, అనుమతి కోసం రాశారు. దాని పేరే సమ్మతి. కానీ దానివల్ల లైనూ బతుకుతుంది, మనిషి ఉన్నాడన్న నిజమూ తెలుస్తుంది. మేం మా యాప్‌లో 'కనెక్టెడ్' అన్న పచ్చ అక్షరాల్ని టీసీపీ దారి నుంచి ఊడబీకి, ఈ ప్రశ్నా జవాబుకి కట్టేశాం. జవాబు రాకపోతే పచ్చ రంగు పోతుంది, ఫోన్ సన్నగా మోగి మళ్ళీ కలుపుకుంటుంది. మా మేనేజర్‌కి నచ్చలేదు. డ్యాష్‌బోర్డులో ఎరుపు పెరిగిందట. పెరగదా మరి? అంతకుముందు కూడా అవన్నీ ఎరుపే, మేం పచ్చగా చూశాం.

ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆ యాప్ కూడా లేదు. అమ్మమ్మ ఇప్పుడు అందరూ వాడే యాప్‌లోనే మాట్లాడుతోంది, అది ఇలాంటి విషయాల్లో బుద్ధిగానే ఉంది. కానీ కొత్త వెర్షన్ పెట్టిన రాత్రి నాకు బాగా గుర్తు. తొమ్మిదింటికి కాల్ చేశా. కబుర్లు అయ్యాయి. "అలా ఉంచు" అంది. పదింటికి ఒకసారి లాగ్స్ చూశా, ఊలు పడుతున్నాయి. పదకొండింటికి చూశా. పదకొండున్నరకి కూడా పడుతున్నాయి. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉండుంటుంది, నాకు మాత్రం వినపడదు. పన్నెండు దాటాక, రెండున్నర గంటల మౌనం మీదుగా ఇయర్‌ఫోన్లో గొంతు వినపడింది.

"ఒరేయ్."

"ఊ."

"ఇంకా పడుకోలేదా?"

"లేదు అమ్మమ్మా. పనుంది."

"చాల్లే, పడుకో."